మీ క్యారేజీ ఎన్నింటికి తెరిచారు?

పోయిన నెల ఈ శీర్షికలో నర్సుల నైట్ డ్యూటీ నిద్ర గురించి రాస్తూ చివర్లో ఊరికే ఒక ప్రశ్న వేశాను: "ఈరోజు డ్యూటీలో మీ క్యారేజీ ఎన్నింటికి తెరిచారు?" అని. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. "తెరవలేదక్కా, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి వీధి కుక్కకి పెట్టాను" అని ఒకామె ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి కొన్నింటికే జవాబు రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు నేనే తీసేశాను. ఉద్యోగం పోతే మళ్లీ ఇప్పించే శక్తి నాకు లేదు.

*

అక్కా, నాకు 24 ఏళ్లు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. గుణుపురంలో ఒక 30 పడకల నర్సింగ్ హోంలో రెండేళ్లుగా స్టాఫ్ నర్సుని. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా డ్యూటీ, వారానికి ఆరు రోజులు. వార్డులో నేనూ, ఒక ఏఎన్ఎం (సహాయక నర్సు) అమ్మాయీ ఉంటాం. మధ్యాహ్నం ఇంజెక్షన్లు, డిశ్చార్జీలు, కొత్త అడ్మిషన్లు అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఏ నాలుగింటికో డ్రెస్సింగ్ రూంలో నిలబడి నాలుగు ముద్దలు మింగుతాను. దానికి అలవాటుపడిపోయాను. కానీ జీతం లెక్కలో రోజుకు గంట 'లంచ్' అని పని గంటల్లోంచి తీసేస్తున్నారు. తినని గంటకి కూడా కోతే. ఇన్‌చార్జ్ దీదీని అడిగితే "తినొద్దని ఎవరన్నారు? వెళ్లి తిను" అంటుంది. వెళ్తే బెల్ మోగుతుంది. ఏం చెయ్యాలి?
– ఒక చెల్లి, గుణుపురం

చెల్లీ, "తినొద్దని ఎవరన్నారు" అనే మాట నేను 34 ఏళ్ల సర్వీసులో కొన్ని వందల సార్లు విని ఉంటాను. ఇన్‌చార్జ్ అయ్యాక సిగ్గు లేకుండా నేనూ అన్నాను. అనడానికి ఎంత సుఖంగా ఉంటుందో! వెళ్లి తినమని చెప్పేస్తే మన బాధ్యత తీరిపోయినట్టే. నువ్వు తింటున్నంతసేపూ నీ పేషెంట్లు ఎవరి చేతిలో ఉంటారో మాత్రం ఎవరూ చెప్పరు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. లేడీస్ వార్డులో ఒకామెకి రక్తం ఎక్కిస్తున్నాం. మొదటి 15 నిమిషాలు పక్కన కూర్చోవాలి, కూర్చున్నాను. అంతా బాగానే ఉందనిపించింది. టైం మూడు దాటింది, పొద్దున తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. సీనియర్ సిస్టర్ "వెళ్లి తిని రావే" అంది. వెళ్లాను. పది పన్నెండు నిమిషాల్లో ఆయమ్మ పరిగెత్తుకొచ్చింది. పేషెంట్ గజగజ వణికిపోతోంది, ఒళ్లు కాలిపోతోంది. సీనియర్ ఏమో వేరే గదిలో డాక్టర్‌తో రౌండ్‌లో ఉంది. రక్తం ఆపేశాం, డాక్టర్ వచ్చారు, ఆ తల్లి బతికింది. నాకు మాత్రం మెమో వచ్చింది: 'డ్యూటీ స్థలంలో లేకపోవుట'. వెళ్లి తినమన్న మాట కాగితం మీద ఎక్కడా లేదు. మెమో ఒకటే ఉంది. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అందుకే చెప్తున్నాను, "తినడానికి టైం ఇవ్వండి" అని అడగకు. అలా అడిగితే "ఇచ్చాం కదా" అంటారు. "ఒంటి గంట నుంచి ఒకటిన్నర దాకా నా పేషెంట్లను ఎవరు చూస్తారు? ఆ పేరు రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) రాయండి" అని అడుగు. పేరు రాస్తేనే అది విరామం. లేకపోతే నువ్వు ఎక్కడ కూర్చున్నా డ్యూటీలో ఉన్నట్టే. వెళ్లే ముందు రెండు నిమిషాలు హ్యాండోవర్ ఇవ్వు. ఏ మంచం సెలైన్ అయిపోవస్తోంది, ఎవరికి ఇన్సులిన్ టైం, పొద్దున ఆపరేషన్ అయినవాళ్లు ఎవరు అన్నది చెప్తే చాలు. రిపోర్ట్ బుక్‌లో టైం వేసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఏఎన్ఎం అమ్మాయికి అన్నీ అప్పగించడం న్యాయం కాదు, ఆమె చెయ్యలేని పనులు ఉంటాయి. ఆ అరగంటకి ఇన్‌చార్జ్ దీదీయే వచ్చి కూర్చోవాలి. ఆమె ఉద్యోగంలో అదీ ఒక భాగమే.

ఇక కోత విషయం. నెలకి 26 డ్యూటీలు అనుకుందాం. రోజుకో గంట చొప్పున 26 గంటలు. ఎనిమిది గంటల రోజులుగా లెక్కేస్తే మూడు రోజులు దాటిపోయింది. అంత పనీ ఊరికే చేసిపెడుతున్నావు. పైగా నువ్వు గంట గురించి బాధపడుతున్నావు గానీ, నా కళ్లకి ఆ 12 గంటల డ్యూటీ కనిపిస్తోంది. 2020లో చేసి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనివాళ్లున్న సంస్థలకి అది వర్తిస్తుంది. దాని ప్రకారం రోజుకి 8 గంటల పని. దాటితే నీ ఒప్పుకోలు ఉండాలి, ఆ అదనపు గంటలకి రెట్టింపు రేటు కట్టాలి. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి. నీ దగ్గర ఉందా? ఉత్తరంలో రాయలేదు. లేకపోతే ముందు అదే అడుగు.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. అన్నానికి ఇన్ని నిమిషాలు అని ఆ కోడ్‌లోనే రాసి లేదు. విరామాల సంగతి ప్రభుత్వం నోటిఫై చెయ్యాలని వదిలేశారు. నీ జిల్లాలోనే రాయగడ పక్కన పేపర్ మిల్లు ఉంది కదా. మిషను దగ్గర పనిచేసే మనిషికి ఐదు గంటలకి మించి ఏకబిగిన పని చెప్పకూడదనీ, కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ ఈ కోడ్ రాకముందు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ చెప్పింది. మిషను ఆగిపోతే నష్టమని అందరికీ తెలుసు, అయినా ఆ మనిషిని అన్నానికి పంపారు. సిస్టర్ దగ్గరికొచ్చేసరికి 'సేవ' అనే మాట తెచ్చి అడ్డం పెడతారు.

ఇవాళే ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో. తేదీ, వచ్చిన టైం, వెళ్లిన టైం, అన్నానికి కూర్చున్నది ఎప్పుడు, లేచింది ఎప్పుడు, ఎందుకు లేచావు. అంతే రాయి. పేషెంట్ పేరు రాయకు, మంచం నంబర్ చాలు. ఒక నెల అయ్యాక నీతోపాటు ఇంకో ఇద్దరు సంతకం పెట్టేలా మేనేజర్‌కి దరఖాస్తు ఇవ్వు. ఒంటరిగా వెళ్తే గొడవ మనిషి అంటారు, ముగ్గురు వెళ్తే సమస్య అంటారు. కాపీ మీద 'ముట్టినది' అని సంతకం తీసుకో. ఉలుకూ పలుకూ లేకపోతే రాయగడలో జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లు. మీది తెలుగు మీడియం అయి ఒడియా రాయడం రాకపోతే ఎవరిచేతైనా రాయించు, లేదా ఇంగ్లీషులో ఇవ్వు. భాష రాదని ఆగిపోవద్దు. జిల్లా న్యాయసేవా సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.

ఉద్యోగం పోతుందన్న భయం నీకు ఉంటుంది. నాకూ ఉండేది. అందుకే మొదట నోట్‌బుక్ అన్నాను. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

*

మేడం, నాకు 46. పదేళ్లుగా షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నాను. బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు ఎక్కువ వేస్తున్నారు. పోయిన నెల రాత్రి ఒంటిగంటకి చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే 58. ఎవరికీ చెప్పలేదు. చెప్తే 'అన్‌ఫిట్' అని తీసేస్తారేమోనని టెన్షన్. యూనియన్ అంటే మా ఇంట్లో భయం.
– పేరు వద్దు, బరంపురం

అమ్మా, 58 అంటే తమాషా కాదు. 70 కిందికి వస్తేనే మనం పేషెంట్ దగ్గరికి పరిగెత్తుతాం. మీకు మీరు పేషెంట్ కారా? ఆ స్థితిలో మీరు ఇంకొకరికి ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే ఏమయ్యేది?

మీ యూనిఫాం జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. లాకర్‌లో కాదు, జేబులో. వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగేసి కూర్చోండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ తాగండి. సర్దుకున్నాక రొట్టో అన్నమో ఏదో ఒకటి తినాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. ఈ సంగతి నా కంటే మీకే బాగా తెలుసు. పేషెంట్లకు రోజూ చెప్పేదే. మనకి వచ్చేసరికి మర్చిపోతాం.

నైట్‌కి ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది మీ డాక్టర్‌నే అడగండి. డోసు సొంతంగా మార్చొద్దు. మన సిస్టర్లకి ఆ అలవాటు ఉంది. ఒకటి మాత్రం ఆయన్ని గట్టిగా అడగండి: 'ఇన్సులిన్ వేసుకున్నాక బెల్ మోగి అన్నం ముందు నుంచి లేచిపోవాల్సి వస్తే ఎలా?' అని. మీ విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. 'ఈమె నిర్ణీత సమయానికి తినాలి, వరస నైట్లు తగ్గించాలి' అని ఆయనచేత లెటర్ రాయించి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇవ్వండి. రేపు మీరు వార్డులో పడిపోతే 'మాకు చెప్పలేదు' అంటారు. ఆ మాట వాళ్లకి మిగల్చొద్దు.

యూనియన్ అంటే భయం అన్నారు. మీ ఊళ్లో 1894లో పుట్టిన వి.వి. గిరి గారు అసలు యూనియన్ మనిషే. రైల్వే కార్మికుల మధ్య పనిచేసి, తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకి వచ్చిన తీర్పును తమ ప్రభుత్వమే మార్చిందని 1954లో మంత్రి పదవి వదిలేశారు. ఆ తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారనుకోండి. బరంపురం వాళ్లు యూనియన్ మాటకి భయపడుతుంటే నాకు నవ్వొస్తుంది. కోపగించుకోకండి.

*

సిస్టర్ గారూ, మీ శీర్షిక మా ఆవిడ చదివి వినిపిస్తుంది. రాయగడలో మాది 12 పడకల నర్సింగ్ హోం. ఐదుగురు సిస్టర్లు. మీ మాటలు విని రేపు అందరూ ఒంటిగంటకి క్యారేజీలు పట్టుకుని కూర్చుంటే డెలివరీ కేసు ఎవరు చూస్తారు? పెద్ద ఆసుపత్రుల లెక్కలు మాకు చెప్పొద్దు. పేషెంట్ల దగ్గర ఫీజు పెంచితే వాళ్లు విశాఖపట్నం రైలెక్కేస్తారు.
– ఒక డాక్టర్, రాయగడ

డాక్టర్ గారూ, పేరు బయటపెట్టొద్దన్నా మీరే స్వయంగా రాశారు. సంతోషం. మీ ఇబ్బంది అబద్ధం కాదు. విశాఖ రైలు సంగతి నాకూ తెలుసు.

లెక్క వేద్దాం. ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు, ఏడు రోజులు: వారానికి 21 షిఫ్టులు. ఐదుగురు ఆరేసి డ్యూటీలు చేస్తే 30. పొద్దున ఇద్దరిని వేస్తే 14, సాయంత్రం ఒకరు 7, రాత్రి ఒకరు 7, మొత్తం 28. ఇంకా రెండు డ్యూటీలు మిగిలాయి. డెలివరీ కేసులు ముందే తెలిసిన రోజుల్లో సాయంత్రానికి వాడుకోండి. పొద్దున ఇద్దరు ఉన్నారు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు తింటారు. అందరూ ఒకేసారి క్యారేజీలు తెరవమని నేనెక్కడా రాయలేదే!

కష్టం వచ్చేది సాయంత్రం, రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు. అక్కడ మీరు ఉండాలి. చిన్న ఊళ్ల నర్సింగ్ హోంలు చాలావాటిలో డాక్టర్ గారి ఇల్లు పై అంతస్తులోనే ఉంటుంది. మీరు పైకెళ్లి భోంచేసే ముందు ఇరవై నిమిషాలు కిందే కూర్చుని 'సిస్టర్, తిని రామ్మా' అంటే చాలు. నేను పనిచేసిన ఒకచోట పెద్ద డాక్టర్ గారు అలాగే చేసేవారు. పేపరు తిరగేస్తూ నర్సింగ్ స్టేషన్‌లో కూర్చునేవారు. ఆయన దగ్గర సిస్టర్లు పదేళ్లు, పన్నెండేళ్లు ఉన్నారు. మీ దగ్గర ఎన్నాళ్లు ఉంటున్నారో మీరు రాయలేదు.

ఇంకోటి. ఒకరు సెలవు పెడితే నా లెక్క కూలిపోతుంది, నిజమే. అందుకే ఆరో మనిషి కావాలి. ఖర్చు అంటారు. రెండు నెలలకోసారి కొత్త అమ్మాయికి మీ లేబర్ రూం పద్ధతి మొదటి నుంచి నేర్పడం ఖర్చు కాదా?

పెద్ద ఆసుపత్రుల లెక్కలు వద్దన్నారు. చిన్నవాటి లెక్క కూడా ఉందండీ. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన జగదీష్ ప్రసాద్ కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నర్సుకి కనీసం 20,000 జీతం ఉండాలనీ, పని గంటలు, సెలవులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలనీ సిఫారసు చేసింది. అది సిఫారసే, అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. మీరు ఎంత ఇస్తున్నారని నేను అడగను. మీ ఆవిడ ఈ పేజీ చదివి వినిపిస్తారు కదా, ఆవిడే అడుగుతారు.

*

అప్పా, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి సవర గిరిజన పిల్లలతో ఆడుకున్నాను కాబట్టి నాకు సవర భాష వచ్చు. మా ఆసుపత్రిలో కొండ మీద నుంచి సవర పేషెంట్ వస్తే ఏ వార్డు నుంచైనా నన్నే పిలుస్తారు. నేను అన్నం ముందు ఉన్నా సరే. ఒకరోజు ఒకే పూట మూడుసార్లు లేచాను. విసుక్కుంటే "నీ వాళ్లే కదా" అన్నారు.
– ఒక స్టాఫ్ నర్స్, పర్లాకిమిడి

'నీ వాళ్లే కదా' అన్న మాట నాకు అన్నంలో రాయిలా తగిలింది. ఆ పేషెంట్లు ఆసుపత్రి వాళ్లు, అందరి వాళ్లు.

మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు తయారుచేశారు. వందేళ్లు దాటింది. అంత గొప్ప పని జరిగిన ఊళ్లో, వచ్చిన పేషెంట్ ఎక్కడ నొప్పో చెప్పుకోవడానికి ఒక నర్సు అన్నం వదిలి రావాల్సి వస్తోంది.

విసుగు పేషెంట్ మీద చూపించవద్దు. చూపించి ఉండవులే, నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ప్రాణం మీదకొచ్చిన కేసైతే ముద్ద నోట్లో ఉన్నా లేస్తాం. మిగతావాటికి ఒక పని చెయ్యి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, జ్వరమా, కడుపా, నెల తప్పిందా, మందు పడదా... ఇలాంటి ఇరవై ప్రశ్నలు సవరలో చెప్తూ ఫోన్‌లో రికార్డు చేసి, తెలుగు, ఒడియా లిపిలో చీటీ రాసి వార్డుల్లో అతికించు. ఆ తర్వాత సూపరింటెండెంట్‌కి రాసివ్వు: దుబాసీ పని నా డ్యూటీలో లేదు, చేయిస్తే ఆ టైం నా విరామంలోంచి పోకూడదు, పోతే మళ్లీ ఇవ్వాలి అని. వీలైతే ఆ భాష వచ్చిన ఆయమ్మనో వార్డు బాయ్‌నో పెట్టుకోమను. గజపతి జిల్లాలో సవర వచ్చినవాళ్లకి కరువా?

*

మేడం, పాపకి ఏడు నెలలు. డ్యూటీలో చేరాను. పాలు గడ్డకట్టి నొప్పి, జ్వరం. పాలు తీసుకోవడానికి పది నిమిషాలు అడిగితే "లంచ్‌లో తీసుకో" అంటున్నారు.
– జయపురం

లంచ్ వేరు, ఇది వేరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 11వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రత కోడ్ 66వ సెక్షన్‌లో ఉంది: బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా, మామూలు విశ్రాంతి కాకుండా, రోజుకి ఇంకో రెండు విరామాలు ఇవ్వాలి. ఈ పేజీ కత్తిరించి ఇన్‌చార్జ్ టేబుల్ మీద పెట్టు. జ్వరం తగ్గకపోతే, రొమ్ము ఎర్రబడితే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించుకో తల్లీ, చీము పట్టేదాకా ఆగొద్దు.

*

అక్కా, చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. మానేస్తానంటే రెండేళ్ల బాండ్ చూపిస్తున్నారు.
– రాయగడ

బాండ్లన్నీ చెల్లవని ఎవరైనా చెప్తే నమ్మకు. 2025 మేలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో ముందే మానేస్తే డబ్బు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. అయితే నీ సర్టిఫికెట్లు నీవి, తాకట్టు వస్తువులు కావు. తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడుగు. బాండ్ కాపీ పట్టుకుని పైన చెప్పిన 15100కి ఫోన్ చేసి వకీలుకి చూపించు. అందులో ఏం రాసి ఉందో చూడకుండా నేను ఇంతకు మించి చెప్పను.

*

సిస్టర్ అమ్మా, నేను నర్సుని కాను. కాశీనగరంలో కిరాణా కొట్టు నాది. మా అమ్మని ఆసుపత్రిలో పెట్టినప్పుడు సెలైన్ అయిపోతోందని పిలవడానికి వెళ్తే సిస్టర్ అన్నం తింటోంది. నిలబడిపోయాను. పిలవాలా, వద్దా? చివరికి పిలిచాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చింది, ఏమీ అనలేదు. నాకే ఎలాగో అనిపించింది.
– ఒక పాఠకుడు

పిలవడం తప్పు కాదు నాయనా. సెలైన్ సీసా ఖాళీ అవ్వకముందే, ఇంకో రెండు వేళ్ల ఎత్తు ఉండగానే చెప్పావంటే ఆమె తినడం ముగించి వచ్చే టైం ఉంటుంది. ఊపిరాడకపోయినా, రక్తం కారుతున్నా, మనిషి పలకకపోయినా ఆలోచించకుండా కేకెయ్యి. డిశ్చార్జ్ ఎప్పుడు, బిల్లు ఎంత, ఫ్యాను తిరగడం లేదు లాంటివైతే పావుగంట ఆగు.

ఇంకో చిన్న పని ఉంది. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు సలహాల పుస్తకం ఇస్తారు, మనవాళ్లు అందులో 'సేవలు బాగున్నాయి' అని రాసేసి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే 'మధ్యాహ్నం వార్డులో ఒక్క సిస్టరే ఉంది, ఆమె అన్నానికి వెళ్తే చూసేవాళ్లు లేరు' అని తేదీ, టైం వేసి రాయి. మేం రాస్తే ఫిర్యాదు అంటారు. నువ్వు రాస్తే మేనేజర్ చదువుతాడు.